నీళ్ళలో టీచరుగారి చెయ్యి

రోజూ పొద్దున్న అయిదున్నరకి గేటు తాళం తీసి, చెప్పులు విడిచి, పొడుగాటి కర్రకి కట్టిన వలని భుజాన వేసుకుని ఈతకొలను చుట్టూ రెండు చుట్లు తిరగడం ఆవిడ పని. గాలికి రాలిన ఆకులు, పురుగులు, ఆడపిల్లల జుట్టు రబ్బర్లు, ఓసారి ఒక పెద్దాయన కట్టుడుపళ్ళు, అన్నీ ఆ వలలోకే వచ్చాయి. పిల్లలు ఆవిణ్ణి వలక్క అని పిలిచేవాళ్ళు. పిలవగా పిలవగా ఇంట్లో మొగుడు కూడా అదే పేరుతో పిలవడం మొదలెట్టాడు. జీతం రిజిస్టర్లో తప్ప అసలు పేరు ఎక్కడా మిగల్లేదు.

పందొమ్మిదేళ్ళుగా ఆ కొలను దగ్గర పనిచేస్తున్న వలక్క ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. "సిబ్బంది నీళ్ళలో దిగరాదు" అని గోడమీద బోర్డు ఉన్న మాట నిజమే కానీ, అసలు కారణం అది కాదు. ఏడాదికి రెండుసార్లు నీళ్ళన్నీ తోడేసి కొలను కడుగుతారు. బ్రష్షు పట్టుకుని అడుగంతా రుద్దేది ఆవిడే. మూడున్నర అడుగుల దగ్గర మొదలై పదకొండు అడుగుల దాకా ఆ నేల ఎలా జారిపోతుందో ఆవిడ పాదాలకి తెలుసు. చివర గోడ కింద నిలబడి తలెత్తి చూసినప్పుడల్లా, "నా నెత్తిమీద ఇంకో మనిషి నిలబడినా మునిగిపోతాడు" అనుకునేది. నీళ్ళు నిండాక అందరికీ పైన నీలంగా కనిపించేది. ఆవిడకి మాత్రం అడుగే కనిపించేది.

"ఈ ఏడాదైనా దిగుతావా వలక్కా?" అని లెక్కల టీచరు ఏటా అడిగేవారు.

"ఈ చీపురు నన్ను వదిలిపెడితే దిగుతానండీ," అనేది వలక్క.

లెక్కల టీచరుది అక్కడికి రెండు వీధుల అవతల ఉన్న పెద్ద బడి. ఇరవయ్యొక్క ఏళ్ళ కిందట ఆవిడ క్లాసులో ఇద్దరు పిల్లలు ఊరి చివర క్వారీ గుంటలో పడి పోయారు. సోమవారం హాజరు పిలుస్తూ, నోరు అలవాటు కొద్దీ ఆ ఇద్దరి పేర్లూ చదివేశారట. రిజిస్టరు మూసి, తిన్నగా లైబ్రరీకి వెళ్ళి ఈత పుస్తకం ఒకటి తెచ్చుకున్నారు. అప్పటికి ఆవిడకి ముప్ఫయ్యేడేళ్ళు, ఈత రాదు. ఇంట్లో బల్లమీద బోర్లా పడుకుని పుస్తకంలో బొమ్మలు చూస్తూ చేతులు ఆడించేవారు. మూడు నెలల్లో నేర్చుకున్నారు. నాలుగో నెల నుంచి శని ఆదివారాలు బడిపిల్లలకి నేర్పడం మొదలెట్టారు. పైసా తీసుకోలేదు. ఆ గుంట అలాగే ఉంది, ఏటా వానకి నిండుతూనే ఉంది, కానీ ఆ తర్వాత ఒక్క బిడ్డ కూడా అందులో పోలేదు.

నేర్పేది ఈతైనా లెక్కలు మానేవారు కాదు. "సగం దూరం వచ్చావు. ఇప్పుడు మిగిలినదాంట్లో సగం రా. మళ్ళీ అందులో సగం," అంటూ పిల్లల్ని గోడ దాకా రప్పించేవారు. ఒకమ్మాయి మధ్యలో ఆగి, "ఇలా సగంలో సగం వస్తూ పోతే ఎప్పటికీ గోడ అందదు కదా టీచర్?" అంది.

"అందదు. అందుకే లెక్క ఆపి చెయ్యి చాపు!"

రిటైరవడానికి నాలుగు నెలలుందనగా, ఒక మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ ఆవిడ బల్లమీద తల వాల్చారు. కునుకు తీస్తున్నారని అందరూ అనుకున్నారు. ఆఖరి గంట కొట్టినా లేవలేదు.

ఆ శనివారం పన్నెండుమంది పిల్లలు మామూలుగానే వచ్చేశారు. ఇంటి దగ్గర ఎవరూ వద్దని చెప్పలేదో, చెప్పినా వినలేదో. నడుము లోతు నీళ్ళలో వరసగా నిలబడి వలక్క వైపు చూశారు. వెనక్కి పంపడానికి ఆవిడకి నోరు రాలేదు. పందొమ్మిదేళ్ళుగా చెవిలో పడుతున్న మాటలే బయటికొచ్చాయి.

"సరే, ఒక్కొక్కరే. వెల్లకిలా పడుకోండి. గడ్డం ఆకాశానికి. పొట్ట పైకి. చెవులు మునిగితే మునగనీ. నీళ్ళు నిన్ను మోస్తాయి, మోయనివ్వు."

ముందు పళ్ళు రెండూ ఊడిపోయిన ఏడేళ్ళ పిల్ల ముందుగా పడుకుంది. పడుకుని, తేలి, నవ్వింది. "టీచర్ పట్టుకున్నారు!"

మేనేజరు వచ్చి చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, పిల్ల వీపు కింద తడిమి చూశాడు. "ఔను, ఆవిడ చెయ్యే. మధ్యవేలి మీద సుద్దముక్క పట్టీ పట్టీ కాసిన కాయ కూడా తగిలింది," అని చెయ్యి తుడుచుకుని, టిక్కెట్ల కిటికీ తెరవడానికి వెళ్ళిపోయాడు. మిగతా పిల్లలు తమ వంతు కోసం తోసుకున్నారు.

అప్పటినుంచి శని ఆదివారాలు అలాగే నడిచాయి. నీళ్ళలో చెయ్యి, గట్టుమీద వలక్క నోరు. లోతు తక్కువ వైపుకీ లోతు వైపుకీ మధ్య అడ్డంగా ఒక తాడు ఉంటుంది. చెయ్యి ఆ తాడు దాకానే వచ్చేది. బతికున్నప్పుడూ టీచరుగారి పద్ధతి అదే. తాడు దాటినవాళ్ళని ఆవిడ పట్టుకునేవారు కాదు. "ఇటు నాది, అటు నీది," అనేవారు.

అయిదో వారం మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న శిక్షకులు లేకుండా పిల్లలకి ఈత నేర్పకూడదు. నెలాఖరులోగా ఎవరూ దొరక్కపోతే శని ఆదివారాలు ఏదో క్లబ్బుకి ఇచ్చేస్తారు.

"చెయ్యి ఉంది కదండీ అని రాశాను," అన్నాడు మేనేజరు మొహం వేలాడేసుకుని. "చనిపోయినవాళ్ళ సర్టిఫికెట్ చెల్లదట."

"మరి వేసవికి పేర్లిచ్చిన పిల్లలో?"

"నలభై ఇద్దరు. ఇక్కడ లేకపోతే ఎక్కడికి పోతారో నీకూ తెలుసు."

వలక్కకి తెలుసు. క్వారీ గుంటకి టిక్కెట్టు లేదు, గేటు లేదు.

ఆ ఆదివారం బడి హాల్లో సంతాపసభ పెట్టారు. కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. వచ్చినవాళ్ళలో సగంమంది టీచరుగారి దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళు, మిగతా సగం ఈత నేర్చుకున్నవాళ్ళు. చాలామంది రెండూను. ఆవిడ హాజరు రిజిస్టరు సోమవారం ఎప్పుడూ తడిసి ఉబ్బి ఉండేదని ఒకరు చెబితే అందరూ నవ్వారు. ఫేలైన పిల్లల్ని పరీక్ష ముందు తన వంటింట్లో కూర్చోబెట్టుకుని చదివించేవారని, ఆ వంటగదిలో ఉప్పు డబ్బామీద కూడా సూత్రాలు రాసుండేవని ఇంకొకరు చెప్పారు. ఒక బ్యాంకు ఆఫీసరు మాట్లాడబోయి, రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. కొలనుకి ఆవిడ పేరు పెట్టాలన్నారు, విగ్రహం పెట్టించాలన్నారు. ముందు వరసలో టీచరుగారి భర్త ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. అందరికీ ఆయన గడియారాలాయనే.

చివర్లో మేనేజరు లేచి ఉత్తరం సంగతి చెప్పాడు. "విగ్రహం తర్వాత చూద్దామండి. ముందు ఒక మనిషి కావాలి. వారానికి రెండు పూటలు. మీలో ఇంతమందికి ఈత వచ్చు."

హాలంతా నీళ్ళు నమిలింది. ఒకరికి షిఫ్టు డ్యూటీ, ఒకరికి చంటిపిల్ల, ఒకరికి మోకాళ్ళు. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అయినా గోడకి ఆనుకుని నిలబడ్డ వలక్కకి ఒళ్ళు మండిపోయింది.

"ఆ పరీక్ష నేనిస్తాను," అంది.

అందరూ వెనక్కి తిరిగారు. "నీకు ఈత వచ్చా?" అన్నారెవరో.

"రాదు. నెలాఖరుకి ఇంకా ఇరవై మూడు రోజులుంది కదా."

కొందరు నవ్వారు. వలక్క నవ్వలేదు. గడియారాలాయన మాత్రం తలతిప్పి ఆవిణ్ణి తేరిపార చూశాడు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కొలనుకి విరామం. మేనేజరు ఆ గోడమీద బోర్డుని తిరగేసి పెట్టి, "నాకేం కనబడలేదు," అని తన గదిలోకి వెళ్ళాడు. వలక్క పాత బట్టలతో మెట్లు దిగింది. చల్లదనం మోకాళ్ళెక్కి, నడుమెక్కి, గుండెల దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగుసుకుపోయింది. కళ్ళు మూసుకుని, చేతులు చాపి, చెయ్యి ఉందన్న ధైర్యంతో వెల్లకిలా వాలింది.

వాలిన మనిషి వాలినట్టే మునిగింది. ముక్కులోకి నీళ్ళు పోయి, దగ్గుతూ లేచి నిలబడింది. మళ్ళీ వాలింది, మళ్ళీ మునిగింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ముందు బతిమాలింది. తర్వాత దెబ్బలాడింది.

"ఊళ్ళో పిల్లలందర్నీ పట్టుకుంటారు. నన్ను పట్టుకోడానికే చేతులు రాలేదా? దిగు దిగు అని పందొమ్మిదేళ్ళు పోరారు కదా. ఇదిగో దిగాను!"

నీళ్ళు ఊరుకున్నాయి. ఇంట్లో మొగుడు చెవులు తుడుచుకోమని తువ్వాలిచ్చి, "మానెయ్యకూడదూ?" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాలుగో రోజు గడియారాలాయన వచ్చాడు. టీచరుగారి దగ్గరుండిపోయిన కొలను తాళంచెవి ఇవ్వడానికి. ఆయన ఆ గేటు లోపలికి రావడం అదే మొదటిసారి. గట్టుమీద చెప్పులతో నిలబడి వలక్క మునగడం రెండుసార్లు చూశాడు.

"అలా కాదమ్మా. నడుము దగ్గర మడుచుకుంటున్నావు," అన్నాడు.

"మీకెలా తెలుసు అన్నయ్యగారూ? మీకు ఈత రాదన్నారే టీచరుగారు?"

"ఈత రాదు. మాటలు వచ్చు. అద్దం ముందు నిలబడి ఎన్ని వందలసార్లు చెప్పుకుందో. నేను పక్కన వాచీ స్ప్రింగులు బిగించుకుంటూ వినేవాణ్ణి." గొంతు సవరించుకుని, చిన్నగా మొదలెట్టాడు. "వెల్లకిలా పడుకో. గడ్డం ఆకాశానికి. పొట్ట పైకి. చెవులు మునిగితే మునగనీ."

వలక్క వాలింది. వీపు కింద, రెండు భుజాల ఎముకల నడుమ, ఒక అరచెయ్యి వచ్చి ఆనుకుంది.

ఆవిడ కదల్లేదు. చెవుల్లో నీళ్ళ మోత, కళ్ళనిండా ఎండ. అప్పుడు తెలిసింది. చెయ్యి వినేది మాటని. ఇన్నాళ్ళూ పిల్లలకి ఆ మాట తను అందించింది. తనకి అందించేవాళ్ళే లేకపోయారు.

లేచి నిలబడి ఆ సంగతే చెప్పింది. గడియారాలాయన గట్టు అంచుకి వచ్చి నీళ్ళలోకి వంగి చూశాడు.

"వెచ్చగా ఉందా, చెయ్యి?"

"లేదండీ, నీళ్ళంత చల్లగానే ఉంది. కానీ గట్టిగా ఉంది."

"ఆవిడ చెయ్యి ఎప్పుడూ గట్టిదే." "నాకు ఈ కొలనంటే కోపమమ్మా," అన్నాడు. "ఇరవయ్యొక్కేళ్ళ ఆదివారాలు ఇది పట్టుకుపోయింది. ఆవిడ నన్నూ రమ్మని పిలిచేది. నేను రాలేదు. వస్తే ఒప్పుకున్నట్టవుతుందని."

మర్నాటి నుంచి ఆయన రోజూ పన్నెండింటికి దుకాణం తలుపు దగ్గరకి వేసి, "భోజనానికి వెళ్ళాను" అని అట్టముక్క తగిలించి వచ్చేవాడు. భోజనం డబ్బా గట్టుమీద పెట్టుకుని మాటలు చెప్పేవాడు. వారంలో వలక్క తేలడం నేర్చింది. పదో రోజుకి కాళ్ళు కొట్టడం, పద్నాలుగో రోజుకి ఊపిరి పట్టడం. ఆయన వాచీ చూసి, "నిన్నటికంటే రెండు సెకన్లు ఎక్కువ," అనేవాడు. రెండు సెకన్లకి ఇద్దరూ పండగ చేసుకున్నంత సంబరపడేవాళ్ళు.

పదహారో రోజు తాడు దాటింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కింద నేల జారుతూ జారుతూ చీకటవుతున్న చోట ఆవిడ గోడని రెండు చేతులా వాటేసుకుంది.

పరీక్షలో మూడు అంశాలు. యాభై మీటర్లు ఈదడం, లోతులో రెండు నిమిషాలు నిలదొక్కుకోవడం, పదకొండు అడుగుల అడుగు నుంచి రబ్బరు ఇటుక పైకి తేవడం. మొదటి రెండూ ఎలాగో వచ్చాయి. ఇటుక దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. సగం దిగేసరికి భయం పైకి లాగేసేది.

"అంత లోతు నా వల్ల కాదండీ. ఆ అడుగు నాకు తెలుసు," అంది.

"నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు," అన్నాడాయన. "అందరూ తెలియని చోటికి దిగుతారు. నువ్వు ఏటా రుద్దిన నేలకి దిగుతున్నావు. అక్కడ నీకు కొత్తేముంది?"

వలక్క గోడ పట్టుకుని ఆ మాట నమిలింది. అడుగున నాలుగో వరసలో పగిలిన టైలు పలక, దాని పక్కన తుప్పు మరక, ఎంత రుద్దినా పోనిది. ఆ మరక కోసమని దిగింది. వేలితో తాకి వచ్చింది.

ఆఖరి రోజు పరీక్షకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. మెడలో ఈల, చేతిలో అట్ట. గట్టుమీద మేనేజరు, గడియారాలాయన, బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు. వలక్క యాభై మీటర్లూ ఈదింది. అందం చందం లేదు, ఆగడమూ లేదు. లోతులో రెండు నిమిషాలూ నిలిచింది. ఆఫీసరమ్మ ఇటుకని నీళ్ళలోకి విసిరి, "మూడు అవకాశాలు," అంది.

మొదటిసారి దూరం తప్పి ఖాళీ చేతులతో వచ్చింది. రెండోసారి తిన్నగా దిగి ఇటుక మీద వేళ్ళు వేసింది. సరిగ్గా అప్పుడే పిక్క పట్టేసింది. కాలు రాయైపోయింది. ఒళ్ళు మెలిపడి, నోట్లోంచి ఊపిరి బుడగలుగా పోయింది. పైన బుడగలు చూసిన గడియారాలాయన గట్టు అంచున మోకాళ్ళమీద పడి, ఊరంతా వినబడేలా అరిచాడు.

"గడ్డం ఆకాశానికి! పొట్ట పైకి! మోయనివ్వు!"

ఆ మాట వలక్కకి వినబడలేదు. వినాల్సిన చేతికి వినబడింది. ఎన్నడూ తాడు దాటని చెయ్యి దాటి వచ్చి, వీపు కింద ఆని, ఆవిణ్ణి వెలుతురులోకి తెచ్చి వదిలింది.

వలక్క గోడ పట్టుకుని కక్కినంత పనిచేసింది. ఆఫీసరమ్మ అట్టమీద ఏదో రాసి, "ఎవరో సాయం చేశారు. ఇది లెక్కలోకి రాదు," అంది, కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

"రావద్దండి," అంది వలక్క. "ఇంకోటి ఉంది కదా."

"వద్దమ్మా, ఇవాళ్టికి చాలు," అన్నాడు గడియారాలాయన.

ఆవిడ పిక్క పిసుక్కుంది. ఊపిరి కుదురుకునే దాకా ఆగింది. తర్వాత నీళ్ళ దగ్గరికి మొహం వంచి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు అంది.

"టీచరుగారూ, ఇందాక వచ్చారు, మీ రుణం తీర్చుకోలేను. ఈసారి మాత్రం రాకండి. అన్నయ్యగారూ, మీరూ నోరు విప్పొద్దు."

గడియారాలాయన అరచేత్తో నోరు మూసుకున్నాడు. వలక్క దిగింది. చెవులు నొప్పెట్టాయి, దిగింది. పగిలిన పలక దాటింది, మరక దాటింది. ఇటుకని రెండు చేతులా గుండెలకి అదుముకుని, తను పందొమ్మిదేళ్ళు రుద్దిన నేలమీద రెండు పాదాలూ ఆనించి, ఒక్క తన్ను తన్నింది. వీపు కింద నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. తల బయటికొచ్చేసరికి పిల్లల కేకలకి ఆఫీసరమ్మ ఈల కూడా వినబడలేదు.

వేసవి మొదటి శనివారం నలభై ఇద్దరూ వచ్చారు. కొలనుకి ఇంకా ఎవరి పేరూ పెట్టలేదు. వలక్క నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ తన చేతిమీద పడుకోబెట్టింది. కుడి వరస ఆవిడది, ఎడమ వరస టీచరుగారిది. గట్టుమీద కుర్చీ వేసుకుని గడియారాలాయన రెండు వరసలకీ మాటలు చెప్పాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

పిల్లలందరూ వెళ్ళిపోయాక ఆయన కుర్చీలోంచి లేచాడు. వాచీ విప్పి, కళ్ళజోడు తీసి కుర్చీలో పెట్టాడు. పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, అది చాలదని తోచి, మడతలు విప్పేసి, అలాగే మెట్లు దిగాడు.

"నా వయసుకి వస్తుందా అమ్మా?"

"రాకేమండీ! పట్టుకునే మనిషి మీకు కొత్తా?" వలక్క గట్టెక్కి ఆయనకి దారిచ్చింది. "వెల్లకిలా పడుకోండి. గడ్డం ఆకాశానికి. పొట్ట పైకి. చెవులు మునిగితే మునగనీయండి."

ఆయన ఒళ్ళంతా బిగబట్టుకుని వాలాడు. మునగలేదు. మెల్లగా భుజాలు వదులయ్యాయి, మొహం వదులయింది. పక్కన నీళ్ళలో తేలుతున్న ఎడమచేతి వేళ్ళు ఒకటొకటిగా ముడుచుకుని, ఇంకో చేతిని పట్టుకున్నట్టు బిగిశాయి.

వలక్క మాటలు ఆపలేదు. అయిపోయినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. కొలను మూసే వేళ కావడంతో మేనేజరు బయటికొచ్చి, ఈల నోటి దగ్గరికి తెచ్చుకుని, నీళ్ళవైపు చూసి, ఈల జేబులో వేసుకున్నాడు.